హాఫ్ డోమ్: మొదట ఎక్కిందెవరు?

కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ మీద నిలబడ్డ హాఫ్ డోమ్‌ని మనిషన్నవాడు ఎప్పటికీ ఎక్కలేడని 1860లలో అక్కడి భూగర్భ సర్వే తేల్చేసింది. ఆ మాట పట్టుమని పదేళ్ళు నిలిచింది. 1875 అక్టోబరులో జార్జ్ ఆండర్సన్ నున్నటి గ్రానైట్‌కి బెజ్జాలు వేసి, ఇనుప కొక్కేలు దిగ్గొట్టి, తాడు కట్టుకుంటూ, కొక్కెం మీద నిలబడి పై కొక్కెం కొడుతూ శిఖరం చేరాడు. ఇప్పుడు అందరం ఎక్కేది 1919లో సియెర్రా క్లబ్ వేసిన కేబుల్ దారిలో.

లిటిల్ యోసెమిటీ వ్యాలీలో టెంటు వేసుకుని, తెల్లవారుజామున బయల్దేరి నేనూ ఎక్కాను. చివరి 400 అడుగులు కాళ్ళకంటే చేతులకే పని. ఇంత సాయం ఉన్న నాకే ఊపిరాడలేదు, ఆండర్సన్ ఒక్కడే ఎలా చేశాడా అనిపించింది.

కానీ చరిత్ర అతనితో మొదలవలేదు. లోయలో తరతరాలుగా బతికిన అహ్వానీచీలకి ఈ కొండ టిస్సాయాక్ అనే స్త్రీ. బండ మీది చారలు ఆమె కన్నీటి జాడలు. 1851లో మారిపోసా బెటాలియన్ వాళ్ళ తిండి నిల్వలు తగలబెట్టి, లోయ నుంచి తరిమింది. కొండని కొలిచి, ఎక్కలేమని రాసినవాళ్ళు వచ్చింది ఆ తర్వాతే.

ఆండర్సన్ సాహసం నిజమే, దాన్ని తగ్గించక్కర్లేదు. అయితే ‘మొదటివాడు’ అన్న మాట, అంతకుముందు అక్కడ ఎవరూ లేరన్నట్టు వినిపిస్తుంది. బే ఏరియాలో మనవాళ్ళు పర్మిట్ లాటరీ గురించి మాట్లాడుకునేటప్పుడు, టిస్సాయాక్ పేరు కూడా ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.