ఉద్దానం కిడ్నీ వ్యాధి: ఎలా గుర్తించాలి? వచ్చాక ఎలా బతకాలి?

కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఏడాది పొడవునా పచ్చగా కనిపించే ప్రాంతం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇక్కడి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస తదితర మండలాలను దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది.

కారణం ఏమిటి?

సాధారణంగా ఈ జబ్బుకు షుగర్, బీపీ ప్రధాన కారణాలు. ఉద్దానంలో ఆ రెండూ లేని రైతులు, కూలీలకూ ఇది వస్తోంది. తాగునీరు, పురుగుమందులు, ఎండలో శ్రమ, నొప్పి మాత్రలు... ఇలా అనేక కోణాల్లో పరిశోధనలు జరిగినా, ఫలానాదే కారణమని తేలలేదు. శ్రీలంకలోని ఉత్తర మధ్య ప్రావిన్స్‌లో, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలోనూ ఇలాంటి వ్యాధే ఉంది.

ఎలా తెలుస్తుంది?

తొలి దశల్లో నొప్పి ఉండదు. కాళ్ల వాపు, ఆయాసం, ఆకలి మందగించడం, వాంతులు కనిపించేసరికి చాలామందిలో కిడ్నీలు బాగా దెబ్బతిని ఉంటాయి. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలతో ముందే పసిగట్టవచ్చు. క్రియాటినిన్, వయసు ఆధారంగా కిడ్నీల వడపోత సామర్థ్యాన్ని లెక్కిస్తారు. అది మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువగా ఉంటే దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. 15 కంటే తగ్గితే అయిదో దశ, అంటే చివరిది.

జాగ్రత్తలు

దెబ్బతిన్న భాగం తిరిగి బాగుపడదు. అయితే జబ్బు ముదిరే వేగాన్ని తగ్గించవచ్చు. బీపీ, షుగర్ అదుపులో ఉండాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించకూడదు. ఊరగాయలు, ఎండుచేపల్లోని ఉప్పూ అందులో లెక్కే. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలను సొంతంగా కొని వాడటం ప్రమాదకరం.

కొబ్బరి సీమలో చెప్పడానికి కష్టమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. ఒంట్లో పొటాషియం పెరిగిన రోగులకు కొబ్బరినీళ్లు మంచివి కావు. పొటాషియం మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. నీళ్లు ఎంత తాగాలన్నదీ అందరికీ ఒకటే కాదు. వ్యాధి దశను బట్టి డాక్టరే చెప్పాలి.

డయాలసిస్, మార్పిడి

కిడ్నీలు పూర్తిగా విఫలమైతే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటల పాటు డయాలసిస్ చేయించుకోవాలి. ఆ మూడు రోజుల కూలీ పోతుంది. తోడు వచ్చిన వారి పనీ పోతుంది. అందుకే ఆసుపత్రి దగ్గరలో ఉండటం ఇక్కడ ప్రాణావసరం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీరిచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. కిడ్నీ మార్పిడికి రక్తసంబంధీకులు దాతలు కావచ్చు. మరణించిన దాతల అవయవాలు కావాలంటే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

ఇంట్లో ఒకరికి జబ్బు ఉంటే, మిగతావారు లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఏటా పరీక్ష చేయించుకోవడం మేలు.