ఏ వేమారెడ్డి?

ప్రతి సంవత్సరమును మన మహాసభ సంచికకు వంశవృత్తాంతములు పెక్కులు వచ్చుచుండును. వానిని చదివి సరిచూచు పని సంపాదకవర్గమువారు కొన్నేండ్లుగా నాకు అప్పగించియున్నారు. ఆ కాగితములలో తరచుగా కానవచ్చు వాక్యమొక్కటి కలదు: "మా మూలపురుషుడు కొండవీటి వేమారెడ్డి." వ్రాసినవారి భక్తిని నేను శంకింపను. కాని "ఏ వేమారెడ్డి?" యని తిరుగ వ్రాసినచో, పలువురు మారుజాబు వ్రాయుట మానుకొందురు. ఒకరిద్దరికి కోపము కూడ వచ్చినది. అందుచే ఆ ప్రశ్న నేల యడుగవలసివచ్చినదో యిచ్చట విన్నవించుకొనుచున్నాను.

1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట అద్దంకి రాజధానిగా రాజ్యము నెలకొల్పినవాడు ప్రోలయ వేమారెడ్డి. ఎఱ్ఱాప్రగడ హరివంశమును కృతినందినవాడును, శ్రీశైలాహోబలములకు సోపానములు కట్టించినవాడును ఇతడే. ఇతని పెద్దకుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. అనవోతుని తమ్ముడు అనవేమారెడ్డి. శ్రీశైలమున వీరశిరోమండపమును శక 1299లో, అనగా 1377లో, కట్టించినవాడు. తరువాత కుమారగిరికాలమున అతని బావయు మంత్రియు నగు కాటయవేముడు, కుమారగిరి పిమ్మట రాజైన పెదకోమటివేముడు, అతని కుమారుడు రాచవేముడు. రాజమహేంద్రవరమున వీరభద్రారెడ్డితో కూడి యేలిన అల్లయవేముడు మఱొకడు. ఇంచుమించు నూఱేండ్లలో, బంధుత్వముచే నల్లుకొనిన కుటుంబములలో, ఆరుగురు వేములు! ఇక రాజులుగాక, ఆ పేరు పెట్టుకొనిన సామాన్యులెందరో యెవరు లెక్కింపగలరు?

తాతపేరు మనుమనికి పెట్టుట మన యాచారము. ఈ యాచారము ప్రేమకు మంచిదే గాని చరిత్రకారునకు శిరోవేదన. పేర్లు కలిసిపోకుండ పూర్వులు తండ్రిపేరును ముందు చేర్చిరి. ప్రోలయ కుమారుడు ప్రోలయవేముడు. కోమటి కుమారుడు కోమటివేముడు. కాటయ కుమారుడు కాటయవేముడు. అల్లయ కుమారుడు అల్లయవేముడు. ఈ సూత్రము చేతికి దొరికినదని సంతోషింపరాదు. అనవేముడు ప్రోలయవేముని కుమారుడు. రాచవేముడు పెదకోమటివేముని కుమారుడు. అన్నిచోట్లను ముందుమాటయే తండ్రిపేరని గైకొన్నచో, ఎన్నడును పుట్టని తండ్రులను మనము పుట్టించినవారమగుదుము. మన సంచికకు వచ్చిన వంశవృక్షములలో అట్టి తండ్రులు కొందరున్నారని నా యనుమానము.

పరులను తప్పుపట్టుటకు ముందు నా తప్పు చెప్పుకొనుట న్యాయము. చిన్నతనమున నేను శాసనసంపుటముల సూచికలు చూచి, వేమభూపాలుడను పేరు కనబడిన ప్రతిచోటును ఒకే చీటిపై నెక్కించితిని. కాళిదాసుని నాటకములకు కుమారగిరిరాజీయమను వ్యాఖ్య వ్రాసినవాడు వేముడు, అమరుకమునకు శృంగారదీపికయను వ్యాఖ్య వ్రాసినవాడును వేముడు, ఇద్దరును రెడ్లు, ఇద్దరును సంస్కృత పండితులు, కాలము నొకటే. ఇంకేమి కావలెను? ఒక గ్రామసభలో ఆ వేమభూపాలుని పాండిత్యమును గంటసేపు వర్ణించితిని. సభలో నొక వృద్ధపండితుడు లేచి, "అయ్యా, తమరు చెప్పిన యా యిద్దరును ఒకరితో నొకరు యుద్ధము చేసికొన్నవారు గదా!" యనెను. నేను కూర్చుంటిని. నాటకవ్యాఖ్యాత కాటయవేముడు, అమరుకవ్యాఖ్యాత పెదకోమటివేముడు. పెదకోమటివేముడు కొండవీటి సింహాసనము నాక్రమింపగా, కాటయవేముడు కుమారగిరి పక్షము వహించి రాజమహేంద్రవరము కేంద్రముగా అతనితో పోరాడెను. బద్ధవైరులను ఒక్క మనిషిగా చేసిన ఘనత నాది. నాటినుండి పేరు కనబడగానే చీటి వ్రాయుట మానితిని. తండ్రి యెవరు, భార్య యెవరు, శకవర్షమేది, దానము చేసిన గ్రామమేది, ఈ నాలుగింటిలో రెండైన కలిసినగాని రెండు శాసనములను ఒకరివిగా కలుపను. బిరుదులను నమ్మను, అవి తండ్రి సొత్తువలె కొడుకునకు సంక్రమించును.

కైఫీయతుల విషయమున మఱింత జాగరూకత వలయును. మెకంజీదొర కావలి సోదరులు మొదలగువారిచే గ్రామకరణముల కవిలెలనుండి సేకరింపించినవియు, పిమ్మట బ్రౌనుదొర ప్రతులు వ్రాయించినవియు నగు నీ వృత్తాంతములు మన సీమకు పెన్నిధి. వానిని నేను తక్కువ చేయను. కాని కరణముగారికి వేమశబ్దముపై మక్కువ యెక్కువ. కుమారగిరిని సైతము కొమరగిరి వేమారెడ్డిని చేసిరి. రాచవేముడు పురిటిసుంకము విధించి ప్రజలను పీడించెననియు, అందువలననే హతుడయ్యెననియు నందొక కథ. "మా మూలపురుషుడు రాచవేమారెడ్డి" యని వ్రాసినవారు నాకింతవరకు కనబడకపోవుటకు ఈ కథయే కారణమై యుండును! అయితే శాసనమును చదువుడు. పెదకోమటివేముని రాణి సూరమాంబ ఫిరంగిపురమున సంతానసాగరమను చెఱువు త్రవ్వించెను. దానికి నీరు చేర్చుటకై జగనొబ్బగండకాలువను త్రవ్వించినవాడు ఈ రాచవేముడే. నల్లరేగడిలో ప్రత్తియు మిరపయు పండించి వానకై యాకాశము చూచు మనవారికి కాలువ త్రవ్వించుట యెట్టిదో చెప్పనక్కరలేదు. సుంకపు కథ నిజమో కాదో నేను తీర్పు చెప్పను. కాలువను మాత్రము అతని లెక్కనుండి తీసి, పేరుపొందిన మఱొక వేమునికి కట్టబెట్టుట అన్యాయము.

గ్రామనామములును ఇట్లే మోసపుచ్చును. వేమవరమని యుండినచో ఏదో వేమరాజు కట్టించెనని తలంతుము. అనవేముడు నడుపూరను గ్రామమును వేమపురమను పేర అగ్రహారముగా నిచ్చెను. ఆ పేరు తనది కాదు. తన తోబుట్టువు వేమసానిది. ఆమె పుణ్యమునకై యిచ్చినదానిని మనము ఆరుగురు వేములలో నెవనికో పంచిపెట్టుట తగునా? స్త్రీల పేర్లు వంశవృక్షములలో అసలే యుండవు. ఉన్న యొక్కటియు నిట్లు పోవుచున్నది.

యోగివేమనను గూర్చి రెండుమాటలు. ఆయన కొండవీటి రాజునకు తమ్ముడని మనలో గొప్ప నమ్మకము. 1829లో బ్రౌను ఆయన పద్యములను ప్రకటించినది మొదలు వాదము నడుచుచున్నది. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనపై ఉపన్యాసములిచ్చిరి. రాజవంశములో ఆయనకు చోటుచూపు శాసనము నేను చూచిన వానిలో నొక్కటియు లేదు. సమాధియందురా, అది కదిరిప్రాంతమున కటారుపల్లెలో నున్నది. ఉన్నది పేరు పోలిక మాత్రమే. కులమును హేళనచేసిన యోగిని కులసంచికలో మూలపురుషునిగా అచ్చువేయించుట కాయనయే నవ్వుకొనును.

ఇట్టి చిక్కు రాజులకే కాదు. తిక్కనలిద్దరు మనుమసిద్ధి కాలముననే యుండిరి. ఒకరు భారతము రచించిన సోమయాజి, మఱొకరు ఖడ్గతిక్కన. పినతండ్రి పెదతండ్రి బిడ్డలు. తాత గుంటూరు నేలిన మంత్రి భాస్కరుడు. ఆ భాస్కరుని రామాయణకర్తయగు హుళక్కిభాస్కరునితో కలిపివేయువారు నేటికిని కలరు.

వెదకబోవువారికి మఱొక సంగతి చెప్పవలెను. గుంటూరుజిల్లా 1904లో ఏర్పడినది. అంతకుముందు ఒంగోలు, అద్దంకి ప్రాంతములు నెల్లూరుజిల్లాలోనివి. 1905లో అచ్చైన నెల్లూరుజిల్లా శాసనసంపుటములు చూడక, అద్దంకి శాసనములు గుంటూరు పేర దొరకలేదని నిరాశచెందినవారిని నేనెరుగుదును. 1970లో ఒంగోలుజిల్లా యేర్పడెను, 1972లో ప్రకాశమైనది, 2022లో అద్దంకి బాపట్లజిల్లాలోను, కొండవీడు పల్నాడుజిల్లాలోను చేరెను. ఊరు కదలలేదు, దస్తావేజు ఉండు బీరువా మారుచున్నది.

పూర్వుల మాట యటుండ, మన సంఘపు చందాపుస్తకమే చూడుడు. వసతిగృహమునకు స్థలమిచ్చిన దాత పేరు కోటయ్య యని మాత్రమే వ్రాసియున్నది. కోటప్పకొండ చుట్టుపట్ల కోటయ్యలేని వీధి యుండునా? రెండు కుటుంబములవారు ఆ పుణ్యము తమ తాతదే యనుచున్నారు. రెండింటి ఇంటిపేరు నొక్కటే. వ్రాసిన గుమాస్తా గతించెను. రిజిస్టరు దస్తావేజు నకలుకై అర్జీ పెట్టియున్నాము. అందు తండ్రిపేరు, సర్వేనంబరు, చుట్టు హద్దులు ఉండవలెను. అది వచ్చువరకు గోడపై చెక్కవలసిన రాతిఫలకమును నిలిపియుంచితిమి. ఈ యేడు వృత్తాంతములు పంపువారు ప్రతి పేరునకును తండ్రిపేరు, ఊరు, ఆధారపత్రపు సంవత్సరము చేర్చి పంపవలెనని ప్రార్థన. తెలియనిచో ఆ స్థలమును ఖాళీగా నుంచుడు; ఖాళీని అట్లే అచ్చువేసెదము.