హెచ్‌టీటీపీ ప్రతిస్పందన హెడర్లు: మొబైల్ కోడ్‌లో మిగిలిన ఉత్తరాల చరిత్ర

1. పరిచయం

మీ ఫోన్‌లో ఒక యాప్ తెరిచి ఏదో పాఠం దింపుకున్నారనుకోండి. యాప్ సర్వర్‌కు ఒక అభ్యర్థన పంపుతుంది. సర్వర్ ప్రతిస్పందన పంపుతుంది. ఆ ప్రతిస్పందనలో పాఠం ఉన్న భాగాన్ని బాడీ అంటారు. దానికి ముందు, పాఠం ఏ రకమైనది, ఎంత పరిమాణం ఉంది, చివరిసారి ఎప్పుడు మారింది, ఎంతకాలం దాచుకోవచ్చు అనే వివరాలు వరుసకొకటిగా వస్తాయి. ఒక్కో వరుసలో ఒక పేరు, దాని విలువ ఉంటాయి. వీటినే ప్రతిస్పందన హెడర్లు అంటారు. మీకు పోస్టులో అందే పాఠ్యపుస్తకాల పార్సిల్‌తో పోల్చి చూడండి. లోపలి పుస్తకాలు బాడీ అయితే, పైన అంటించిన చీటీ హెడర్ అవుతుంది.

ఈ చీటీని చదివే కోడ్ రాసేవారు ముఖ్యంగా రెండు చోట్ల పొరపాటు పడతారు. ఒకటి పేర్లలోని అక్షరాలు, రెండోది తేదీలు. ఈ రెండింటి నియమాలూ వెబ్ కంటే పాతవి. వాటి పుట్టుక తెలియకుండా కోడ్ రాస్తే ఆ నష్టం తెలుగులో ఫోన్ వాడేవారి మీద పడే అవకాశం ఉంది. ఎలాగో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. హెడర్లు లేని తొలి దశ

జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను రూపొందించారు. 1991లో ఆయన వివరించిన తొలి హెచ్‌టీటీపీ చాలా చిన్నది. బ్రౌజర్ ఒకే వరుసలో కావలసిన పేజీ అడిగేది. సర్వర్ ఆ పేజీ పంపి సంబంధం తెంచేసేది. అందులో హెడర్లు లేవు, ఫలితాన్ని తెలిపే సంఖ్య కూడా లేదు. అడిగిన పేజీ లేకపోతే ఆ సంగతి కూడా మరొక పేజీగానే వచ్చేది. మనిషి చదివితే అర్థమయ్యేది గాని, ప్రోగ్రాముకు అసలు పేజీకీ పొరపాటు సందేశానికీ తేడా తెలిసేది కాదు.

బొమ్మలు, ఇతర రకాల ఫైళ్లు పంపవలసి వచ్చినప్పుడు ఈ పద్ధతి చాలలేదు. వచ్చినది ఏమిటో చెప్పే చీటీ అవసరమైంది.

3. ఈ-మెయిల్ నుంచి వచ్చిన వారసత్వం

ఆ చీటీని వెబ్ నిర్మాతలు కొత్తగా కనిపెట్టలేదు. ఈ-మెయిల్ నుంచి తీసుకున్నారు. 1982 ఆగస్టులో డేవిడ్ క్రాకర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 822 అనే ప్రమాణ పత్రం మెయిల్ హెడర్ల రూపాన్ని నిర్దేశించింది: ముందు పేరు, తర్వాత రెండు చుక్కలు, ఆ తర్వాత విలువ. 1992 జూన్‌లో నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ రూపొందించిన మైమ్ ప్రమాణం మెయిల్‌లో బొమ్మలు, శబ్దాలు పంపే పద్ధతి నేర్పింది. నేటికీ ప్రతి యాప్ చూసే కంటెంట్-టైప్ హెడర్ వెబ్‌కు ఈ దారిలోనే చేరింది. 1996 మేలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రం అప్పటికే వాడుకలో ఉన్న ఈ పద్ధతులను నమోదు చేసింది. 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 వాటిని విస్తరించింది.

వారసత్వంతోపాటు నియమాలు కూడా వచ్చాయి. వాటిలో రెండింటిని పరిశీలిద్దాం.

4. మొదటి నియమం: పెద్దబడి, చిన్నబడి

మన లిపిలో లేని ఒక భేదం ఇంగ్లిషులో ఉంది. అదే పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా. హెడర్ పేరును ఏ బడిలో రాసినా అర్థం ఒకటేనని మెయిల్ ప్రమాణం చెప్పింది, హెచ్‌టీటీపీ కూడా అదే పాటించింది. కానీ ఎక్కువ సర్వర్లు ప్రతి పదం మొదటి అక్షరాన్ని పెద్దబడిలో పంపుతూ వచ్చాయి. కోడ్ రాసేవారు ఆ అలవాటునే నియమంగా భావించారు.

2015 మేలో హెచ్‌టీటీపీ 2 ప్రమాణం వెలువడింది. అందులో హెడర్ పేర్లన్నీ చిన్నబడిలోనే పంపాలి. పాత నియమం ప్రకారం చదివే కోడ్‌కు దీనివల్ల ఇబ్బంది లేదు. అలవాటును నమ్ముకున్న కోడ్ మాత్రం చిక్కుల్లో పడింది. ఆపిల్ ఫోన్ల కోసం స్విఫ్ట్ భాషలో రాసే యాప్‌లను ఉదాహరణగా తీసుకోండి. ప్రతిస్పందనలోని హెడర్లన్నీ ఒక డిక్షనరీగా చేతికి వస్తాయి. ఆ డిక్షనరీలో పేరు అక్షరం అక్షరం సరిపోలితేనే విలువ దొరుకుతుంది. ఒక సంస్థ తన సొంత హెడర్‌లో లాగిన్ గుర్తును పంపుతోందనుకుందాం. సర్వర్‌ను హెచ్‌టీటీపీ 2కు మార్చిన రోజు ఆ పేరు చిన్నబడిలో వస్తుంది. యాప్ పెద్దబడిలో వెతుకుతుంది, ఏమీ దొరకదు, వాడుకరిని బయటికి పంపేస్తుంది. యాప్ కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా అది పనిచేయడం మానేస్తుంది. బడితో నిమిత్తం లేకుండా పేరుతో హెడర్ విలువను అడిగే పద్ధతిని ఆపిల్ 2019లో ఐఓఎస్ 13తో ఇచ్చింది. ఆండ్రాయిడ్‌లో విరివిగా వాడే ఓకేహెచ్‌టీటీపీ లైబ్రరీ పేరుతో హెడర్ అడిగినప్పుడు బడి తేడాను పట్టించుకోదు.

5. రెండో నియమం: తేదీలు

తేదీ ఉండే హెడర్‌లో ముందు వారం పేరులోని మూడు ఇంగ్లిషు అక్షరాలు, తర్వాత తేదీ, నెల పేరులోని మూడు అక్షరాలు, సంవత్సరం, సమయం, చివర జీఎంటీ ఉంటాయి. ఇంగ్లిషు లిపిలో ఉండే ఒక విలువను మన లిపిలో రాస్తే ఇలా ఉంటుంది: మన్, 15 ఆగ్ 2022 10:30:00 జీఎంటీ. అంటే భారత కాలమానంలో ఆ రోజు సాయంత్రం 4 గంటలు.

ఇది కూడా మెయిల్ నుంచి వచ్చిందే. ఉత్తరం అందుకున్న మనిషి చదువుకోవడానికి వీలుగా ఆ రూపం ఏర్పడింది. మొదట సంవత్సరానికి రెండు అంకెలే ఉండేవి. 1989 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1123 నాలుగు అంకెలకు దారి తీసింది. భాష మాత్రం ఇంగ్లిషుగానే మిగిలింది.

ఇప్పుడు తెలుగును ప్రధాన భాషగా పెట్టుకున్న ఫోన్‌ను ఊహించండి. తేదీని చదివే కోడ్‌లో భాష ఏదో ప్రత్యేకంగా చెప్పకపోతే, అది ఫోన్ భాషనే తీసుకుంటుంది. తెలుగు నెలల పేర్ల కోసం చూస్తుంది. ఇంగ్లిషు అక్షరాలు ఎదురవగానే విఫలమవుతుంది. ఫలితంగా యాప్ ఆగిపోవచ్చు. లేదా దాచుకున్న పాఠం గడువు తెలియక, తెరిచిన ప్రతిసారీ మళ్లీ దింపుకోవచ్చు. డేటా ఖర్చు వాడుకరిదే. కోడ్ రాసిన వ్యక్తి ఇంగ్లిషు ఫోన్‌లో పరీక్షించినంతకాలం ఈ లోపం కనిపించదు.

పరిష్కారం సులభం. తేదీని చదివేటప్పుడు ఇంగ్లిషు భాషను, జీఎంటీని కోడ్‌లో స్పష్టంగా పేర్కొనాలి. హెచ్‌టీటీపీ 1.1 మరో మార్గం కూడా చూపింది. క్యాష్-కంట్రోల్ హెడర్ గడువును సెకన్ల సంఖ్యగా చెప్పగలదు. ఈటాగ్ హెడర్ పాఠం ప్రస్తుత రూపానికి ఒక గుర్తు ఇస్తుంది. యాప్ ఆ గుర్తును తిరిగి పంపితే, పాఠం మారలేదని సర్వర్ 304 సంఖ్యతో చెబుతుంది. అప్పుడు బాడీ మళ్లీ రాదు. సంఖ్యకూ గుర్తుకూ నెలల పేర్ల గొడవ లేదు.

6. సారాంశం

హెడర్లు 1991 నాటి వెబ్‌లో లేవు. అవి మెయిల్ నుంచి, దాని నియమాలతో సహా వచ్చాయి. పేరుకు బడి భేదం లేదు. తేదీ ఎప్పుడూ ఇంగ్లిషులో, జీఎంటీలో ఉంటుంది. కళ్లకు కనిపించే రూపాన్ని బట్టి కాక ఈ ఒప్పందాలను బట్టి కోడ్ రాయాలి. మీరు యాప్ రాసే స్థాయికి చేరినప్పుడు, పరీక్షించే ముందు ఒకసారి ఫోన్ భాషను తెలుగుకు మార్చి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తొలి హెచ్‌టీటీపీలో పొరపాటు సందేశాన్ని ప్రోగ్రాము ఎందుకు గుర్తించలేకపోయేది?
2. హెచ్‌టీటీపీ 2 రాకతో కొన్ని యాప్‌లకు కలిగిన ఇబ్బందిని ఉదాహరణతో వివరించండి.
3. తేదీ కంటే సెకన్ల సంఖ్య, ఈటాగ్ ఏ విధంగా మేలైనవి?