సంఘ నిబంధనావళి – ఎన్నికలు

ఉద్దానపు తీరగ్రామములలో పూర్వము కులపెద్దల మాటయే శాసనము. 1860 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము వేఱొక త్రోవ చూపెను. ఆ చట్టము క్రింద 7 గురు కూడి నిబంధనావళి వ్రాసి సంతకము చేసిన సంఘ మేర్పడెడిది. సాంవత్సరిక సభ ముగిసిన 14 దినములలో కార్యవర్గపు పట్టిక రిజిస్ట్రారున కందవలసియుండెను. 3 మాసములకు మించి చందా బకాయిపడిన వానికి, ఎంతటి ధనికుడైనను, ఆ చట్టకార్యములందు వోటు లేకుండెను.

టెక్కలి, పలాసలు 1936 వఱకు గంజాము జిల్లాలోను, పిదప విశాఖపట్టణము జిల్లాలోను, 1950 నుండి శ్రీకాకుళము జిల్లాలోను జేరినవి. జిల్లాలు మాఱినను చట్టము మాఱలేదు. 2001 లో రాష్ట్రమునకు నూతన చట్టము వచ్చినను నిబంధనావళి ప్రాధాన్యము తగ్గలేదు.

సోదరులారా! ఓడినవాడు సయితము న్యాయము జరిగినదని యొప్పుకొనిననాడే సంఘము నిలుచును. గెలిచినవాడు నిబంధన మీఱినచో పెద్దలు కూడబెట్టిన నిధి వ్యాజ్యములపాలగును. కావున ముందు చందా చెల్లింపుడు, నిబంధనావళి చదువుడు, పిదప వోటు వేయుడు.