కొండసైకిలు - దాని స్ప్రింగులు

మామూలు సైకిలు సీటు క్రిందికి వంగి చూచినచో రెండు ఉక్కు స్ప్రింగులు కనబడును. గతుకుల దారిలో పోవునప్పుడు అవి అణిగి లేచుచుండును. వాటివల్ల మేలు ఎవరికి? సీటుమీద కూర్చున్నవానికి. చక్రమునకు వాటివల్ల ఒరిగేది ఏమీ లేదు. రాయి తగిలినప్పుడు చక్రము, దానితోపాటు ఫ్రేము ఎప్పటివలెనే ఎగిరిపడును. మనిషికి మాత్రము ఆ దెబ్బ కొంత తగ్గి అందును. మనిషిని కాపాడే స్ప్రింగు వేరు, చక్రమును నేలకు అంటిపెట్టి ఉంచే స్ప్రింగు వేరు. కొండసైకిలు చరిత్రలో చాలా భాగము ఈ భేదమును గుర్తించిన కథయే. ముందు వెనుక చక్రములు రెండింటికీ స్ప్రింగులు, నూనెతో పనిచేసే డాంపర్లు అమర్చిన ‘ఎండ్యూరో’ అనే మేలురకపు కొండసైకిలు నేడు అమెరికా, ఐరోపా అంగళ్ళలో కొన్ని వేల డాలర్లకు అమ్ముడుపోవుచున్నది. అన్నిటికంటె ఖరీదైనవి 10 వేల డాలర్లను దాటును. అంత ధర పెట్టిన యంత్రము నిజముగా మంచిదో కాదో తేల్చుట ఎట్లు? ఇందుకు జవాబు చెప్పవలెనన్న, ఆ స్ప్రింగులు ఎప్పుడు, ఏ అవసరము కొరకు వచ్చినవో ముందు తెలిసికొనవలెను.

1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపిన కొయ్యబండికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుచు పోవలసినదే. 1860 తరువాత పారిస్‌లో పెడళ్ళున్న బండ్లు ప్రచారములోకి వచ్చినవి. కొయ్య చక్రములకు ఇనుప పట్టాలు వేసిన ఆ బండ్లకు ఇంగ్లీషువారు ‘ఎముకలు కదిలించేది’ అని పేరు పెట్టినారు. 1885లో ఇంగ్లండులో ‘విప్పెట్’ అనే స్ప్రింగుల సైకిలు వెలువడినది. దానిలో సీటు, పెడళ్ళు, హ్యాండిలు మూడును ఒకే కట్టుగా ఉండి, స్ప్రింగుద్వారా తక్కిన ఫ్రేముమీద ఊగేవి. కాలికి, పెడలుకు మధ్య దూరము మారకుండ చేసిన ఆ ఉపాయము చాలా తెలివైనది. కాని అదియు మనిషిని కాపాడే స్ప్రింగే.

మూడేండ్లలో ఆ ప్రయత్నమునకు అడ్డు వచ్చినవాడు బెల్‌ఫాస్ట్‌లోని ఒక పశువైద్యుడు. జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టము చుట్టి చూచి, 1888లో పేటెంటు పొందినాడు. (రాబర్ట్ థామ్సన్ 1845లోనే ఇటువంటి టైరుకు పేటెంటు తీసికొన్నాడు, అప్పటికి సైకిళ్ళే లేవు గనుక లోకము దానిని మరచినది.) గాలి టైరు తేలిక, చవక. కంకర రోడ్డుమీది చిన్న గతుకులను అదే మింగివేయును. దానితో స్ప్రింగుల ఫ్రేములు మూలపడినవి. రోడ్డుమీద పోయే సైకిలుకు ఆ తీర్పు న్యాయమైనదే. నేటికిని మన మామూలు సైకిళ్ళు చాలావరకు దానికే కట్టుబడి ఉన్నవి.

అయితే 1970 తరువాత అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి మెరిన్ కౌంటీలో కొందరు యువకులు సైకిలును రోడ్డు దించి కొండ ఎక్కించినారు. పాతసామానులో పడియున్న లావు టైరుల బరువైన సైకిళ్ళను బాగుచేసికొని, టామల్‌పాయిస్ పర్వత ప్రాంతములోని మట్టిబాటలమీద దిగేవారు. వాటిలో కొన్ని 20 కిలోలకు పైబడిన బరువుండేవి. ఎవరు వేగముగా దిగుదురో తేల్చుకొనుటకు 1976 అక్టోబరు 21న చార్లీ కెల్లీ మొదలైనవారు పందెము పెట్టినారు. ఒకరి తరువాత ఒకరిని వదలి గడియారముతో కాలము కొలిచేవారు. బాట పొడవు సుమారు 3 కిలోమీటర్లు, దిగే ఎత్తు సుమారు 400 మీటర్లు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయవచ్చును. మనిషి 70 కిలోలు, సైకిలు 22 కిలోలు అనుకొందము. 400 మీటర్లు దిగగా విడుదలయ్యే శక్తి 92 × 9.8 × 400, అనగా సుమారు 3 లక్షల 60 వేల జౌళ్ళు. అందులో కొంత గాలికిని, టైర్లకును పోగా మిగిలినదంతయు బ్రేకులలో వేడిగా మారవలసినదే. ఆ పాత సైకిళ్ళలో ముఖ్యమైన బ్రేకు వెనుక హబ్బులోనే ఉండేది. క్రిందికి చేరేసరికి హబ్బులోని గ్రీజు కాలి పొగ వచ్చేది. దిగిన ప్రతిసారి మరల గ్రీజు కూరవలసి వచ్చేది. అందుచేతనే ఆ బాటకు ‘రీప్యాక్’ అను పేరు నిలిచినది. అక్కడ గారీ ఫిషర్ సాధించిన 4 నిమిషముల 22 సెకనుల రికార్డును ఎవరూ దాటలేదు. ఆ మిత్రులలో ఒకడైన జో బ్రీజ్ 1977లో కొండకే ప్రత్యేకించి ఫ్రేములు చేయుట ఆరంభించినాడు. 1981లో ‘స్పెషలైజ్డ్’ కంపెనీ పెద్ద సంఖ్యలో తయారుచేసిన కొండసైకిళ్ళను అంగడికి తెచ్చినది.

ఇవేవియు స్ప్రింగులు లేని సైకిళ్ళే. బాట కఠినమైనకొద్దీ అసలు సమస్య బయటపడినది. 10 సెంటీమీటర్ల ఎత్తుగల రాయి అంచునుండి చక్రము క్రిందికి పడుటకు సుమారు 1/7 సెకను పట్టును. సైకిలు సెకనుకు 8 మీటర్ల వేగముతో పోవుచున్నచో, ఈలోగా అది మీటరుకు పైగా ముందుకు పోవును. ఆ మీటరు దూరము చక్రము గాలిలోనే ఉన్నది. గాలిలో ఉన్న చక్రమునకు ఘర్షణ లేదు. ఘర్షణ లేనిచో బ్రేకు పట్టదు, హ్యాండిలు తిప్పినను సైకిలు తిరుగదు. చక్రమునకు, ఫ్రేముకు మధ్య స్ప్రింగు ఉన్నచో సంగతి మారును. మనిషి బరువుతో అణిగియున్న స్ప్రింగు, తేలికైన చక్రమును భూమ్యాకర్షణకంటె అనేక రెట్ల త్వరణముతో నేలకు త్రోయును. ఇది సుఖమునకు సంబంధించిన విషయము కాదు, పట్టుకు సంబంధించినది.

ఈ సంగతి మోటారుసైకిలు పందెములవారికి ముందే తెలియును. ఆ రంగమునుండి వచ్చిన పాల్ టర్నర్, స్టీవ్ సైమన్స్ కలిసి 1989లో ‘రాక్‌షాక్స్’ కంపెనీ పేరుతో గాలి, నూనెలతో పనిచేసే ముందు ఫోర్కును తయారుచేసినారు. అది అణిగేది సుమారు 2 అంగుళములే. అదనపు బరువు మోయనేల అని నవ్వినవారు లేకపోలేదు. 1990లో కొలరాడో రాష్ట్రమందలి డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీలో, కొండ దిగే పందెమును గ్రెగ్ హెర్‌బోల్డ్ ఆ ఫోర్కుతోనే గెలిచినాడు. ఆ తరువాత నవ్వులు తగ్గినవి.

వెనుక చక్రముతో వచ్చిన చిక్కు ఇంతకంటె పెద్దది. ముందు చక్రము ఊరక దొర్లును. వెనుక చక్రమును గొలుసు లాగును. కాలి బలము పెడలుమీద ఎడతెగక సమముగా పడదు. ఒక్కొక్క చుట్టుకు రెండుసార్లు పెరిగి తగ్గును. ప్రతి త్రొక్కుకు సైకిలు ముందుకు ఉరుకగా బరువు వెనుకకు ఒరిగి వెనుక స్ప్రింగును నొక్కును. నొక్కుడుపడిన స్ప్రింగు తిరిగి లేచును గాని, ఆ ఊపులో కొంత శక్తి డాంపరులోని నూనెను వేడిచేయుటకే పోవును. కొండ ఎక్కేవానికి ఇది జీతములో కోతవంటిది. రాతి దెబ్బకు స్ప్రింగు మెత్తగా ఉండవలెను, కాలి త్రొక్కుకు గట్టిగా ఉండవలెను. రాయి ఏదో కాలు ఏదో స్ప్రింగునకు తెలియుట ఎట్లు?

ఆస్ట్రియాకు చెందిన మోటారుసైకిలు పందెగాడు హోర్స్ట్ లైట్‌నర్ కాలిఫోర్నియాలో స్థిరపడి దీనికి ఒక మార్గము కనుగొన్నాడు. వెనుక ఇరుసును చట్రపు భుజమునకు నేరుగా బిగింపక, దానికి కొంచెము ముందు మరియొక కీలు పెట్టినాడు. దీనితో చక్రము, నాలుగు కడ్డీల యంత్రములోని మధ్యకడ్డీకి తగిలించినట్లయినది. ఉపాధ్యాయులు నాలుగు అట్టముక్కలను గుండుసూదులతో కూర్చి ఈ యంత్రమును తరగతిలో చూపవచ్చును. ఒక ముక్కను కదలకుండ పట్టుకొని ఎదుటిముక్కమీద చుక్కపెట్టి కదిపినచో, ఆ చుక్క నడిచే దారి సామాన్య వృత్తఖండము కాదని తెలియును. కడ్డీల పొడవులు మార్చినచో దారియు మారును. ఆ విధముగా, బ్రేకు వేసినప్పుడును, పెడలు త్రొక్కినప్పుడును స్ప్రింగుమీద పడే ప్రభావమును శిల్పి తన చేతిలోనికి తెచ్చుకొనవచ్చును. ఈ పేటెంటును 1990 తరువాతి కాలములో స్పెషలైజ్డ్ కంపెనీ కొన్నది. దాని గడువు తీరువరకు అమెరికాలో ఇతరులు సొమ్ము చెల్లించుటయో, కీలును వేరొకచోట పెట్టుటయో చేయవలసివచ్చినది.

2000 తరువాత డేవ్ వీగిల్ అను అమెరికను ఇంజనీరు రెండు పొట్టి కడ్డీల అమరికలో గొలుసు లాగుడునే మందుగా వాడినాడు. త్రొక్కినప్పుడు బరువు వెనుకకు ఒరిగి స్ప్రింగును ఎంత నొక్కునో, గొలుసు బిగువు దానిని అంత విప్పునట్లు కీళ్ళ స్థానములు నిర్ణయించినాడు. రెండును సమమైనచో సైకిలు ఊగదు. అయితే ఇందులో ఉచితముగా లభించినది ఏమియు లేదు. గొలుసుచేత ఇట్లు పని చేయించుకొన్నచో, చక్రము పైకి లేచినప్పుడు ఇరుసుకు, పెడళ్ళ పళ్ళచక్రమునకు మధ్య దూరము కొంత పెరుగును. అప్పుడు గొలుసు పెడళ్ళను వెనుకకు గుంజును. రాళ్ళలో దిగేవాని పాదములకు ఆ గుంజుడు తెలియును. ఎక్కునప్పటి లాభమును దిగునప్పుడు ఎంత చెల్లించి కొనవచ్చును అనునదే ప్రతి శిల్పియు తేల్చుకొనవలసిన లెక్క.

ఈ లెక్కను పరీక్షించుటకు తగిన పందెము ఐరోపాలో పుట్టినది. ఎండ్యూరోలో దిగుడు భాగములకు మాత్రమే కాలము కొలుతురు. కాని ఒక దిగుడునుండి మరియొకదాని మొదటికి సాధారణముగా తన కాళ్ళతోనే ఎక్కి, గడువులోగా చేరవలెను. 2003 ప్రాంతములో ఫ్రాన్సులో ఫ్రెడ్ గ్లో ఇటువంటి పోటీలు నడిపినాడు. తరువాత ఇటలీలో ఎన్రికో గ్వాలా వాటిని పెంచినాడు. 2013లో ప్రపంచ పోటీల వరుస మొదలై, మొదటి ఏడు ఫ్రాన్సుకు చెందిన జెరోం క్లెమెంట్జ్, బ్రిటనుకు చెందిన ట్రేసీ మోస్లీ విజేతలైనారు. నేటి ఎండ్యూరో సైకిలు చక్రములు సుమారు 150 నుండి 170 మిల్లీమీటర్ల వరకు పైకి అణుగును. బరువు సాధారణముగా 14 నుండి 16 కిలోలు. 1990 ప్రాంతములో సుమారు 71 డిగ్రీలుండిన ముందు ఫోర్కు వాలు నేడు సుమారు 64 డిగ్రీలకు వచ్చినది. ముందు చక్రము మనిషికి దూరముగా ఉండుటచే, నిట్రమైన దిగుడులో ముందుకు బోర్లపడు భయము తగ్గును.

ఇప్పుడు ధర మాటకు వత్తము. కొనేవాడు మొదట అడిగేది బరువు. 70 కిలోల మనిషి, 15 కిలోల సైకిలు 600 మీటర్లు ఎక్కుటకు సుమారు 5 లక్షల జౌళ్ళు కావలెను. ఆ శక్తితో ఒకటిన్నర లీటరు నీటిని 20 డిగ్రీలనుండి మరిగే దాకా కాచవచ్చును. సైకిలు బరువు ఒక కిలో తగ్గినచో మిగిలేది 85లో ఒక వంతు. గంటసేపటి ఎక్కుడులో అది 42 సెకనులు. ఎక్కుడుకు పందెములో కాలమే కొలవరు! ఈ ఒక్క కిలో కొరకు కార్బను నారతో చేసిన ఫ్రేముకు చెల్లించే అదనపు సొమ్ము తక్కువేమీ కాదు. నా మట్టుకు, అల్యూమినియము ఫ్రేమునకు మంచి డాంపరు, మంచి టైర్లు, మంచి బ్రేకులు ఉన్నచో దానినే ముందు ఎంచుదును.

అంతకంటె ముఖ్యమైనది సర్దుబాటు. మనిషి ఎక్కి నిలబడగానే వెనుక షాక్ అబ్జార్బరు తన మొత్తము కదలికలో సుమారు 30 వంతులు, అనగా నూటికి 30, అణుగవలెను. దాని కడ్డీమీది చిన్న రబ్బరు ఉంగరము జరిగిన దూరమును స్కేలుతో కొలిచి ఇది తెలిసికొందురు. ఆ అణగుడు ఉన్నందువల్లనే గుంటవచ్చినప్పుడు చక్రము క్రిందికి చాచుకొనగలదు. 55 కిలోల వానికి సరిపోయిన గాలి పీడనము 90 కిలోల వానికి చాలదు. స్ప్రింగు తిరిగి లేచే వేగము ఎక్కువైనచో సైకిలు గుర్రమువలె విదిలించును. తక్కువైనచో వరుసరాళ్ళమీద లేచుటకు వ్యవధి చాలక క్రమముగా క్రుంగిపోవును. సర్దుబాటు చెడిన ఖరీదైన సైకిలు, చక్కగా సర్దిన చవక సైకిలుకు తీసిపోవుట వింతకాదు.

కనుక పరీక్ష చేసేవాడు ఒకే మనిషి, ఒకే బాట, ఒకే రోజు, ఒకే టైర్లు ఉండునట్లు చూచుకొని, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, ప్రతి అమరికలో అనేక మారులు దిగి కాలము వ్రాసికొనవలెను. రెండవసారి బాట పరిచయమై వేగము తానే పెరుగును గనుక వరుసక్రమమును తారుమారు చేయవలెను. వీలైనచో డాంపరు మరలను ఏ వైపుకు త్రిప్పినది నడిపేవానికి చెప్పరాదు. ‘ప్రాణమున్నట్లున్నది’, ‘ఉల్లాసముగా ఉన్నది’ అని పత్రికలలో వచ్చే మాటలు అబద్ధములు కానక్కరలేదు గాని అవి కొలతలు కావు. ధర ముందే తెలిసినవాని మనస్సు గడియారముకంటె ముందు తీర్పు చెప్పును.

చివరగా అడుగవలసినది ఏటేటి ఖర్చు. వెనుక భాగములోని ప్రతి కీలునకు బేరింగులున్నవి. బురద, నీరు వాటిని తినివేయును. ఫోర్కు సీళ్ళగుండా దుమ్ము లోపలికి పోవును. కొందరు తయారీదారులు 50 గంటల స్వారీకి ఒకసారి ఫోర్కు క్రింది గొట్టములు విప్పి, తుడిచి, నూనె మార్చుమనుచున్నారు. వారమునకు ఐదు గంటలు తిరిగేవానికి అది పది వారములకు ఒకసారి వచ్చే పని. రీప్యాక్ కొండ దిగినవారు ఒక హబ్బునకు గ్రీజు కూరినారు. వీరికి ఫోర్కు, షాకు, కీళ్ళు అన్నియు ఉన్నవి.