షార్జా శుక్రవారాలు

షార్జా క్రికెట్ స్టేడియం ఉన్నది ఇండస్ట్రియల్ ఏరియాలో. టీవీలో చూసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. చుట్టూ గ్యారేజీలు, ఇనుప గోదాములు, వాటి వెనక మా లేబర్ క్యాంపులు. 1996లో జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి రాడ్ బెండింగ్ పనికి పోయాను. మా క్యాంపు నుంచి స్టేడియానికి నడిస్తే ఇరవై నిమిషాలు.

ఊరికి తిరిగొచ్చాక ఒకరోజు మా అబ్బాయి ఫోన్‌లో పాత స్కోరు కార్డులు చూపిస్తుంటే, తేదీలకు వారాలు కట్టుకుంటూ కూర్చున్నాను. అక్కడ మొదటి వన్డే, ఆసియా కప్‌లో పాకిస్తాన్, శ్రీలంక ఆడింది, 1984 ఏప్రిల్ 6. ఇమ్రాన్ ఖాన్ 14 పరుగులకే 6 వికెట్లు తీసి మనల్ని 125కు కూల్చితే, మనవాళ్లు పాకిస్తాన్‌ను 87కే చుట్టేసింది 1985 మార్చి 22. మియాందాద్ చివరి బంతికి సిక్సర్ కొట్టింది 1986 ఏప్రిల్ 18. ఆకిబ్ జావేద్ హ్యాట్రిక్, అందులో మన అజర్ వికెట్ ఒకటి, 1991 అక్టోబర్ 25. అన్నీ శుక్రవారాలే.

గల్ఫ్‌లో అప్పుడు శుక్రవారం సెలవు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఇంకో పూట కలిసొచ్చేదేమో గానీ, మాకు ఉన్నదల్లా ఆ ఒక్కరోజే. బట్టలుతుక్కునేది, ఇంటికి ఉత్తరం రాసేది, రోలా బజారుకు పోయి ఊరివాళ్లను కలిసేది ఆరోజే. పెద్ద ఆటలు చాలావరకు దానిమీదే పెట్టారంటే, ఆ గద్దెలు నింపేది ఎవరో నిర్వాహకులకు బాగా తెలుసన్నమాట.

ఆ స్టేడియం కట్టించినాయన అబ్దుల్ రహమాన్ బుఖాతిర్, షార్జా వ్యాపారి. కరాచీలో చదువుకునే రోజుల్లో క్రికెట్ మరిగాడు. 1981లో గవాస్కర్ జట్టుకూ మియాందాద్ జట్టుకూ పోటీ పెట్టించాడు. ఆ తర్వాత ఆటల మీద వచ్చిన డబ్బులో కొంత ఇండియా, పాకిస్తాన్ పాత ఆటగాళ్లకు ఇచ్చేవారు. షార్జా ఉన్న దేశంలో లక్షల మంది హిందుస్తానీలు, పాకిస్తానీలు, బంగ్లావాళ్లు, లంకవాళ్లు. ఇక జనానికి కొదవేముంది? సొంత జట్టు లేని ఊళ్లో అన్ని జట్లకూ సొంత జనం ఉన్నారు. ఈ మాట క్రికెట్ పుస్తకాల్లో ఒక వాక్యంలో తేలిపోతుంది. నాకది బాధ.

ఎండ సంగతి చెప్పాలి. ఆటలు ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లోనో, అక్టోబర్, నవంబర్‌లోనో జరిగేవి. నడి ఎండాకాలంలో అక్కడ ఆట మాట ఎత్తడానికే లేదు. 2002 అక్టోబర్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు పెడితే పాకిస్తాన్ 59కి ఒకసారి, 53కి ఒకసారి అవుటై, ఆట రెండు రోజుల్లో ముగిసింది. అదే ఎండలో హేడెన్ 119 కొట్టాడు. రోజంతా ఎండలో ఇనుము వంచే మాకు ఆ సెంచరీ ఎంత బరువైనదో తెలుసు.

కప్పు కింది సీట్లు మా జీతానికి అందేవి కావు. మాది సిమెంటు మెట్లు. గురువారం రాత్రే మెస్ ఫ్రీజర్‌లో పెప్సీ సీసాల నిండా నీళ్లు గడ్డకట్టించి, తడిగోనె చుట్టి తీసుకుపోయేవాళ్లం. ఏసీ పెట్టెల అట్టముక్కలు కింద వేసుకోకపోతే మెట్టు మీద కూర్చోలేం, తొడలు కాలేవి. తువ్వాల తడిపి నెత్తిన వేసుకుంటే పది ఓవర్లలో అప్పడంలా ఎండేది. ఆకలికి ఖుబ్బూస్ రొట్టె, లబన్ మజ్జిగ. పొద్దు స్టాండు వెనక్కి దిగి, నీడ ఒక్కో మెట్టే ఎక్కుతూ మా వరుసకు వచ్చేసరికి ఒక చిన్న కేక వేసేవాళ్లం. వికెట్ పడిందేమోనని ఎదుటివాళ్లు చూసేవాళ్లు.

1986 ఆటకు మా పెద్దనాన్న కొడుకు ఉన్నాడు. చివరి బంతికి నాలుగు కావాలి, చేతన్ శర్మ ఫుల్ టాస్ వేశాడు, మియాందాద్ లేపాడు. ఆ రాత్రి క్యాంపులో పెషావర్ వంటమనిషి హల్వా వండితే మనవాళ్లెవరూ ముట్టలేదట. తెల్లారి సైట్లో టిఫిన్ డబ్బా విప్పితే రొట్టెల కింద అదే హల్వా ఉందట. అన్న ఆ సంగతి చెప్పిన ప్రతిసారీ నవ్వేవాడు, కళ్లు మాత్రం తడిసేవి.

నా ఆట 1998ది. ఏప్రిల్ 22, బుధవారం, ఆస్ట్రేలియాతో. డ్యూటీ ముగించి మెస్‌లో టీవీ ముందు కూర్చున్నాం. సచిన్ ఆడుతున్నాడు, అవతలి కొసన మన హైదరాబాద్ లక్ష్మణ్. ఉన్నట్టుండి టీవీలో మైదానం ఎర్రబడింది. ఆటగాళ్లు నేలమీద పడుకున్నారు. అదే దుమారం మా రేకుల మీద ఇసుక విసిరి కొట్టింది, కిటికీ సందుల్లోంచి కూర గిన్నెలోకి వచ్చింది. ఎవరూ లేవలేదు. ఇసుక పంటికింద కరకరమంటుంటే సచిన్ 143 చూశాం. ఆట ఓడాం, ఫైనల్‌కు మాత్రం చేరాం.

ఫైనల్ మళ్లీ ఆస్ట్రేలియాతోనే, 24న. శుక్రవారం! ఆరోజు సచిన్‌కు 25 ఏళ్లు నిండాయి. 134 కొట్టాడు. కెప్టెన్ అజరుద్దీన్ అవతల నిలబడితే, నా పక్కనున్న నిజామాబాద్ మేస్త్రీ ‘మనోడు, మన హైదరాబాదోడు’ అంటూ ఎరగని వాళ్లకల్లా చెప్పుకున్నాడు. గెలిచాక మా వెనక మెట్టు పాకిస్తానీ డ్రైవర్ తన నీళ్ల సీసా నాకు అందించాడు. అందులో ఇంకా మంచుముక్క ఉంది.

2001లో మన ప్రభుత్వం జట్టును షార్జా పంపవద్దంది. ఆటలు అమ్ముడుపోతున్నాయన్న మాట అప్పటికే ఊరంతా పాకింది. ఎవరు ఏం చేశారో నేను చెప్పలేను. ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్లు మాత్రం ఓవర్‌టైం డబ్బుతో టికెట్ కొన్నవాళ్లు. 2003 తర్వాత కొన్నేళ్లు అక్కడ అంతర్జాతీయ ఆటే లేదు. 2010లో సొంత దేశంలో ఆడుకోలేని ఆఫ్ఘన్లు వచ్చి దాన్ని తమ ఇల్లు చేసుకున్నారు.

2020 నవంబర్ 3న సన్‌రైజర్స్ హైదరాబాద్ అక్కడే ముంబైతో ఆడింది. కరోనా వల్ల జనాన్ని రానివ్వలేదు. వార్నర్, సాహా వికెట్ పడకుండా గెలిపించారు. మా ఇంట్లో అందరూ కేకలు. కెమెరా ఒకసారి ఖాళీ గద్దెల మీదుగా తిరిగింది. ‘నువ్వెక్కడ కూర్చునేటోనివి నాయినా?’ అని బిడ్డ అడిగింది. లేచి టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించేలోపు కెమెరా పిచ్ మీదికి తిరిగిపోయింది.