డికెన్స్ జాలి ఎంతదాకా?

మనలో చాలామందికి డికెన్స్ అంటే హైస్కూల్లోనో ఇంటర్లోనో చదివిన నాన్-డీటెయిల్డ్ పుస్తకం. గిన్నె పట్టుకుని ఇంకాస్త గంజి పొయ్యమన్న ఆలివర్ ట్విస్ట్ గుర్తుంటాడు, మిగతాదంతా పరీక్షతోనే పోతుంది. నాదీ అదే కేసు. ఈమధ్య గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరికే అసలు నవలలు ఒక్కోటీ చదువుతూ, పక్కన ఆయన జీవితచరిత్ర కూడా పెట్టుకున్నాను. అప్పట్నుంచీ ఒక ప్రశ్న బుర్ర తొలిచేస్తోంది.

ముందు ఆయన్ని ఎందుకు ప్రేమించామో చెప్పుకుందాం. 1824 ఫిబ్రవరిలో డికెన్స్ తండ్రిని, ఓ బేకరీవాడికి బాకీపడ్డ 40 పౌండ్ల 10 షిల్లింగుల కోసం, లండన్‌లోని మార్షల్సీ జైల్లో పెట్టారు. అప్పు తీర్చకపోతే జైలే! (లోపల కూర్చున్నవాడు సంపాదించి ఎలా తీరుస్తాడన్న చిన్న లాజిక్కు ఆ చట్టం చేసినవాళ్ళకి తట్టలేదు మరి.) తల్లీ, చిన్నపిల్లలూ కూడా ఆ జైలుగదిలోనే కాపురం. పన్నెండేళ్ళ చార్లెస్ మాత్రం బయట, థేమ్స్ ఒడ్డున ఎలుకలు తిరిగే ఓ పాత కొంపలో, బూటు పాలిష్ జాడీలకి కాగితం కట్టి లేబుళ్ళు అంటించే పనిలో. జీతం వారానికి 6 షిల్లింగులు. మూణ్ణెల్లకి తండ్రి బయటికొచ్చాడు. ఆ తర్వాత కూడా తల్లి, కుర్రాడు పనిలోనే ఉంటే బాగుంటుందంది. ఆ మాట ఆయన జీవితాంతం మర్చిపోలేదు. ఈ కథ కన్నపిల్లలకి కూడా చెప్పుకోలేదు. ఒక్క స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్‌కి చెప్పాడు. 1870లో డికెన్స్ పోయాక, ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రతోనే అది లోకానికి తెలిసింది.

ఇది తెలిశాక నవలలు వేరేగా కనిపిస్తాయి. 'ఆలివర్ ట్విస్ట్' (1837-39) వెనక 1834 నాటి పేదల చట్టం ఉంది. వర్క్‌హౌస్‌లో బతుకు, బయట అందరికన్నా అడుగునున్న కూలీ బతుకు కంటే హీనంగా ఉండాలన్నది ఆ చట్టం సూత్రం. మొగుణ్ణీ పెళ్ళాన్నీ పిల్లల్నీ విడదీసి తలోచోటా ఉంచేవారు. 'నికొలస్ నికల్‌బీ' కోసం ఆయన చలికాలంలో యార్క్‌షైర్ దాకా వెళ్ళి, అక్కడి అధ్వాన్నపు బోర్డింగు స్కూళ్ళని స్వయంగా చూసొచ్చాడు. ఇక 'లిటిల్ డోరిట్' (1855-57) నాయిక పుట్టిందే మార్షల్సీ జైల్లో. అందులో సర్కమ్‌లొక్యూషన్ ఆఫీసని ఒకటుంది, ఏ పనైనా ఎలా చెయ్యకుండా ఉండాలో దాన్ని చూసే నేర్చుకోవాలి. మన అప్రూవల్ ప్రాసెస్‌లు తెలిసినవాళ్ళు తప్పక చదవండి.

సరే, ఇప్పుడు అసలు సంగతి. 'లిటిల్ డోరిట్' ముగిసిన 1857లోనే మన దగ్గర తిరుగుబాటు. కాన్పూర్‌లో ఇంగ్లీషు ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపారన్న వార్తలు లండన్ చేరాయి. అక్టోబరు 4న డికెన్స్ తన స్నేహితురాలు ఏంజెలా బర్డెట్-కూట్స్‌కి ఉత్తరం రాశాడు. తానే ఇండియాలో సర్వసేనాని అయ్యుంటే, ఆ ఘాతుకాల మచ్చ ఉన్న జాతిని భూమ్మీద లేకుండా చెయ్యడానికి శాయశక్తులా పనిచేసేవాణ్ణన్నది దాని సారాంశం. జాతినట! నేను మూడుసార్లు చదివాను, తప్పు చదివానేమోనని. ఆ ఏడాది క్రిస్మస్ సంచికకి విల్కీ కాలిన్స్‌తో కలిసి ఒక కథ కూడా రాశాడు. ఇండియా పేరెత్తకుండా మధ్య అమెరికా తీరంలో ఓ దీవికి మార్చేశాడు గానీ, అందులోని నమ్మకద్రోహి ఎవరికి ప్రతినిధో అప్పటి పాఠకులకి చెప్పక్కర్లేదు.

"ఆ కాలం అలాంటిది బాసూ" అని మా ఫ్రెండొకడన్నాడు. నేనొప్పుకోను. అదే కాలంలో గవర్నర్ జనరల్ కానింగ్, దొరికినవాణ్ణల్లా ఉరితియ్యొద్దని 1857 జులైలోనే ఉత్తర్వులిచ్చాడు. దానికి ఇంగ్లీషువాళ్ళే ఆయన్ని 'దయగల కానింగ్' అని వెక్కిరించారు. అంటే వేరేగా ఆలోచించడం అప్పుడూ సాధ్యమే.

డికెన్స్ మారగలిగేవాడు కూడా. అదే నన్ను ఇంకా ఇబ్బంది పెట్టేది. 'ఆలివర్ ట్విస్ట్'లో దొంగపిల్లల ముఠా నాయకుడు ఫేగిన్ యూదుడు. పేరుకి బదులు అడుగడుగునా 'ఆ యూదుడు' అనే పిలుస్తాడు రచయిత. డికెన్స్ లండన్ ఇల్లు కొనుక్కున్నది ఒక యూదు దంపతులు. 1863లో ఆ ఇల్లాలు ఎలైజా డేవిస్, మా జాతికి మీరు అన్యాయం చేశారని మర్యాదగా ఉత్తరం రాసింది. మొదట ఆయన సమర్థించుకున్నాడు. కానీ తర్వాతి నవల 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్'లో రాయా అనే మంచి యూదుణ్ణి పెట్టాడు, 1867 ఎడిషన్‌లో ఆ 'యూదుడు' అన్న మాటల్ని చాలాచోట్ల తీసేశాడు. పాతికేళ్ళపైబడ్డ పాత బగ్గుని ఒక యూజర్ రిపోర్టు మీద సరిచేశాడన్నమాట! మరి 1857లో మన తరఫున అలాంటి ఉత్తరం రాయడానికి ఆయనకి తెలిసిన మనవాడు ఒక్కడూ లేడు. జైలుగది ఆయన చూశాడు, యార్క్‌షైర్ చూశాడు, ఎలైజా డేవిస్‌తో ఇల్లు బేరమాడాడు. ఇండియా మాత్రం ఆయనకి పేపర్లో చదివిన వార్త.

అంతకంటే దగ్గరి లింకు ఒక్కటే ఉంది. ఆయన రెండో కొడుకు వాల్టర్, పదహారేళ్ళవాడు, కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా ఆ 1857 జులైలోనే ఇండియాకి ఓడెక్కాడు. ఆ ఉత్తరంలోని కోపంలో తండ్రి భయం కూడా కొంత కలిసుంటుందని నా ఊహ. వాల్టర్ యుద్ధాల్లో బతికాడు గానీ అప్పుల్లో కూరుకుపోయాడు. జబ్బుపడి ఇంటికి బయల్దేరినవాడు 1863 డిసెంబరు 31న, ఇరవై రెండేళ్ళకి, కలకత్తా ఆస్పత్రిలోనే పోయాడు. కబురు లండన్ చేరింది 1864 ఫిబ్రవరి 7న, సరిగ్గా డికెన్స్ పుట్టినరోజున. కొడుకు అక్కడ తీర్చకుండా పోయిన బాకీల చిట్టాలు కూడా తండ్రికే వచ్చాయి.